ఫ్లెక్సీకి లేని సిగ్గు

ఇబ్రహీంపట్నం,
ఆదివారం.

అక్కా,

నీ చెల్లెలు విమల నమస్కారం. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావ బీపీ గోళీ రోజూ వేసుకుంటున్నాడా, కోప్పడటానికి నేను దగ్గర లేనని మానేశాడా? నాకు ఒంట్లో బాగానే ఉంది, ఫికర్ చేయకు. మనసే ఒక్కచోట నిలవడం లేదు. ఫోన్ చేస్తే మధ్యలో నేనే గట్టిగా అరిచి పెట్టేస్తానని ఉత్తరం రాస్తున్నాను.

ప్రమోషన్ మీద ఇక్కడికి వచ్చి మూడు నెలలయింది. వాన పడితే బురద, పడకపోతే ఆదిభట్లకు పోయే కంపెనీ బస్సుల దుమ్ము. కూరలో ఎంత కారం వేసినా మన ఇంటి రుచి రాదు. సాయంత్రం మాట్లాడే మనిషి లేక గోడలతో వాదిస్తున్నాను. నవ్వకు.

పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది. మా బడిలో ఆనవాయితీ ఏమిటంటే, ఆ పాఠం రాగానే మగపిల్లల్ని ఆటలకు పంపి, ఆడపిల్లలతో ఇంటి దగ్గర చదువుకొమ్మనడం. నేను అందరినీ కూర్చోబెట్టే చెప్పాను. నెలసరి ఎందుకొస్తుందో చెప్పాను. వద్దన్నాక వెంటపడితే అది ప్రేమ కాదని చెప్పాను. ఇష్టం లేకుండా తాకినవాడు సొంత చుట్టమైనా సరే, దాచొద్దని చెప్పాను. వెనక బెంచీలో ఇకిలింపులు పది నిమిషాల్లో ఆగిపోయాయి. ఒక పిల్లవాడు లేచి, "మేడం, మా అక్కను గా అయిదు దినాలు ఇంట్లకు రానియ్యరు. గది తప్పే గదా?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నకు నా కడుపు నిండింది.

మర్నాడు యాదయ్య వచ్చాడు. అతని పెద్దబిడ్డ శిరీష నా క్లాసే.

"ఏం మేడం, ఆడివిల్లల ముంగట గా ముచ్చట్లేంది? మా ఇజ్జత్ ఏం గావాలె?"

"పోయిన నెల నీ చిన్నబిడ్డ ఫంక్షన్ చేసినవ్ గదా యాదన్నా. బస్టాండు కాడ ఫ్లెక్సీ గూడ కట్టినవ్."

"అవ్, కట్టిన. మస్తుగ చేసిన. అయితేంది?"

"పిల్ల పెద్దగైందని మండలమంతటికి చెప్తే పోని ఇజ్జత్, ఎందుకైందో పిల్లకు చెప్తే పోతదా?"

స్టాఫ్ రూములో అందరూ నవ్వారు. అతని మొహం నల్లబడింది. "గది రివాజు. గిది బూతు," అని వెళ్లిపోయాడు.

ఆ ఫ్లెక్సీ ఇంకా అక్కడే ఉంది. పట్టుచీరలో పన్నెండేళ్ల పిల్ల, చుట్టూ మేనమామల ఫొటోలు. తన ఒంట్లో ఏం జరిగిందో దారినపోయే ఆటోవాళ్లందరికీ తెలుసు, ఆ పిల్లకు తప్ప. ఇది సంప్రదాయమట, నేను చెప్పింది బూతట. ఇందులో నా మాట తప్పని ఎవరు రుజువు చేస్తారో చేయమను.

కానీ శిరీష నాలుగు రోజులుగా బడికి రావడం లేదు. ఇక పంపనని యాదయ్య హెడ్‌మాస్టరుకు చెప్పాడట. వాదనలో నేను గెలిచాను, పిల్ల బడి పోయింది. పదిమందిలో అతన్ని నవ్వులపాలు చేయకుండా ఉండాల్సింది. నిన్న వాళ్లింటికి పోతే తలుపు తీయలేదు.

అక్కా, నువ్వు ఏడో తరగతిలో ఉన్నప్పుడు నెత్తురు మరకలైన బట్టలు గడ్డివాములో దాచి, "నేను సచ్చిపోత, అవ్వకు చెప్పకు" అని నాతో అన్నావు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. మూడు రోజులు నీ పక్కన పడుకుని, ఊపిరి ఆడుతున్నదా లేదా అని చూశాను. తర్వాత ఊరంతటికీ భోజనాలు పెట్టారు, నిన్ను బడి మాన్పించారు. చదువు అబ్బలేదని నువ్వే అందరికీ చెప్పుకుంటావు. అబ్బకపోవడం కాదు, అది నీకూ తెలుసు.

మోకాలు సహకరిస్తే ఈ వారం బస్సెక్కి రా. వచ్చేటప్పుడు కాస్త చింతకాయ తొక్కు తే. యాదయ్య భార్యతో ఆ మూడు రోజుల సంగతి చెప్పు. నీకు తలుపు తీస్తుంది. నేను గడప బయటే కూర్చుంటాను, ఒక్క మాట మాట్లాడను.

పెద్దమ్మకు, బావకు నా దండాలు చెప్పు. ఎప్పటిలా నిండు నూరేళ్లు అని దీవించకు. ఆ ఒక్క గంట నోరు మూసుకునే ఓపిక రావాలని దీవించు.

నీ చెల్లెలు
విమల