పాత మోటారు పక్కన నిద్రకు అనుమతి కోరుతూ

నీటి సరఫరా విభాగం ఇంజనీరు గారి సముఖమునకు,

రెండో నంబరు పంపుహౌస్‌లో ముప్పై మూడేళ్లు మోటారు ఆపరేటరుగా పనిచేసి, ఏడేళ్ల క్రితం పదవీ విరమణ చేసిన వ్యక్తి వ్రాసుకొను అర్జీ.

విషయం: పాత మోటారును తుక్కు కింద అమ్మవద్దనియు, దాని పక్కన రాత్రిపూట పడుకొనుటకు అనుమతి ఇప్పించవలసినదనియు.

సూచిక: 1. డాక్టరు గారి చీటీ. 2. మా ఆవిడ నోటిమాట ఉత్తర్వులు, వివిధ తేదీలు.

అయ్యా,

రెండో నంబరు పంపుహౌస్‌లోని పాత మోటారును ఈ నెలాఖరున తొలగించి, చప్పుడు చేయని కొత్త మోటారు బిగించబోవుచున్నట్లు నోటీసు బోర్డులో చదివితిని. చప్పుడు లేకపోవడం తమకు గొప్పగా తోచవచ్చు. నా పాలిట అదెంత ఉపద్రవమో ఈ క్రింది అంశముల ద్వారా మనవి చేసుకొనుచున్నాను.

1. ముందుగా నేరం ఒప్పుకుంటాను. సర్వీసులో ఉన్న ముప్పై మూడేళ్లూ నేను రాత్రి డ్యూటీలో నిద్రపోయాను. ఏదో ఒకటి రెండుసార్లు కాదు, రోజూ. మోటారుకు మూడడుగుల దూరంలో, చెక్కబల్ల మీద, సంచీ తలకింద పెట్టుకుని, ఒళ్లు తెలియకుండా. అయినా ఊరికి ఒక్క పూట నీళ్లు ఆలస్యం కాలేదు. మోటారు తిరిగినంతసేపూ నిద్ర, అది ఆగిన మరుక్షణం మెలకువ. అదీ నా పనితనం. కరెంటు పోయినా, ఫ్యూజు ఎగిరినా, టార్చిలైటు వేసేలోగా నా చెయ్యి స్విచ్చు మీద ఉండేది. తోటి ఉద్యోగులు నన్ను ‘అలారం’ అని పిలిచేవారు. ఆ బిరుదుకు తెగ మురిసిపోయాను. ఇప్పుడా అలారాన్ని ఆపడం ఎలాగో తెలియడం లేదని తెలియజేయడమైనది.

2. మా ఇంట్లో తొమ్మిదిన్నరకు టీవీ కట్టేస్తారు. ఇల్లు నిశ్శబ్దమవుతుంది. నిశ్శబ్దానికి నా బుర్రలో ఉన్న అర్థం ఒక్కటే: మోటారు ఆగింది, ఊరికి నీళ్లు లేవు, లే! దిగ్గున లేచి కూర్చుంటాను. చూస్తే మోటారూ ఉండదు, స్విచ్చూ ఉండదు, మా ఆవిడ మాత్రం ఉంటుంది.

“మళ్లీ ఏమైందండీ?”

“ఏదో ఆగినట్టుంది.”

“ఆగింది మీ ఉద్యోగం. ఏడేళ్లయింది. పడుకోండి.”

3. స్వయంకృషి లోపం లేదని మనవి. గోరువెచ్చని పాలు తాగాను. పొద్దున్నే నడిచాను. టేబుల్ ఫ్యాను పెట్టుకున్నాను గానీ అది మరీ మర్యాదస్తురాలు. చివరకు వాషింగ్ మెషిన్ ఖాళీగా తిప్పి, పక్కన చాప వేసుకున్నాను. అద్భుతంగా పట్టింది. కానీ నలభై నిమిషాలకు అది పని ముగించి, కూత పెట్టి ఆగింది. మళ్లీ వేశాను. మూడోసారి వేసినప్పుడు మా ఆవిడ వచ్చి ప్లగ్గు పీకింది. “బట్టల్లేకుండా మూడుసార్లు తిప్పారు. గాలిని ఉతుకుతున్నారా?”

4. ఆ తరువాత పక్కింటి పెద్దాయన ఇచ్చిన నిద్రమాత్ర మింగాను. నిద్ర పట్టింది. మధ్యలో బాత్రూముకని నేను లేచాను గానీ నా కాళ్లు లేవలేదు. ఎడమ మోచేతి ఎముక చిట్లింది.

“ఎవరు వేసుకోమన్నారు?” అన్నారు డాక్టరు గారు.

“పక్కింటాయనండి.”

“ఆయన డాక్టరా?”

“కాదండి, డ్రాయింగు మాస్టారు.”

డాక్టరు గారు కాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. ముసలివాళ్లకు నిద్ర అక్కర్లేదు కదా అని నేనే మాట కలిపాను. “ఎవరన్నారు? వయసొస్తే నిద్ర పలచబడుతుంది, అవసరం తగ్గదు. ఈ బీపీ, మతిమరుపు, అయినదానికీ కానిదానికీ మీ చిరాకు, ఇవన్నీ వయసు మీదికి తోసెయ్యకండి. సగం నిద్రలేమి వల్లే” అన్నారు. సగమే అన్నందుకు సంతోషించాను. తక్కిన సగం దేనివల్లో అడగడానికి ధైర్యం చాలలేదు.

5. ఇంతవరకూ నవ్వుకోవలసినది. ఇక అసలు సంగతి.

మా మనవరాలికి ఆరేళ్లు. దాన్ని బడి నుంచి ఇంటికి తేవడం నా పని. విరమణ తరువాత నాకు మిగిలిన డ్యూటీ అదొక్కటే. నెల క్రితం ఇద్దరం బస్టాపులో కూర్చున్నాం. ఎదురుగా ఒక లారీ ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. ఇక చెప్పాలా? లారీ కదిలిపోయాక మెలకువ వచ్చింది. గంటంపావు గడిచింది, మూడు బస్సులు పోయాయి. పిల్ల నా చిటికెనవేలు పట్టుకుని నిలబడి ఉంది. వీపు మీది పుస్తకాల సంచీ కూడా దించలేదు.

“లేపలేదేమే?”

“నువ్వు ఇంట్లో పడుకోవు కదా తాతా.”

మా అమ్మాయి తిట్టినా బాగుండేది. మర్నాడు ఆటో మాట్లాడింది. “నువ్వు సరిగ్గా పడుకునేదాకా పిల్లని నీతో పంపను నాన్నా. ఏమనుకోకు” అంది. ఏమనుకుంటాను? ఊరంతటికీ నీళ్లు పంపిన వాణ్ణి, ఒక్క పిల్లను ఇల్లు చేర్చలేకపోయాను. నాలుగయ్యేసరికి అలవాటు కొద్దీ చెప్పులు వేసుకుంటాను. గుమ్మం దాకా వెళ్లి విప్పేస్తాను. అధికారులకు రాసే కాగితంలో ఇలాంటివి ఉండకూడదు గానీ, అయ్యా, ఏడుపొస్తోంది.

6. కావున నేను కోరునది:

(అ) పాత మోటారును ఉన్నచోటనే ఉంచి, దాని పక్కన చెక్కబల్ల వేయించవలెను. జీతం అడగను. మోటారు ఆగితే లేచి చూసే పూచీ నాది.

(ఆ) అంశం 1లోని నేరానికి నాపై చర్య తీసుకోదలచినచో, ఆ శిక్షను పంపుహౌస్‌లోనే అనుభవించునట్లు ఉత్తర్వులు ఇప్పించవలెను.

ఈ ముసలివాడి గోడును ఆవులించకుండా చిత్తగించి, నాకింత నిద్ర మంజూరు చేయించవలెనని ప్రార్థన.

తమ విధేయుడు,
ఇంకా మేలుకొనే ఉన్న
అలారం (రిటైర్డు)

తా.క. పైదంతా ఇంట్లో రాసినది. ఇది తమ ఆఫీసు వరండాలో, ఎడమచేత్తో కాగితం అదిమిపెట్టి రాస్తున్నాను.

పదకొండింటికే వచ్చాను. మోచేతికి కట్టు ఉన్నందున మా అమ్మాయి తోడు వచ్చింది. బడికి సెలవు కనుక పిల్ల కూడా వచ్చింది. తమరు మీటింగులో ఉన్నారని జవాను బెంచీ చూపించాడు. మా అమ్మాయి కొళాయి దరఖాస్తు ఇవ్వడానికి కౌంటరు దగ్గర వరుసలో నిలబడింది. అంతలో కరెంటు పోయి, బెంచీ వెనక జనరేటరు వేశారు. అయ్యా, ఆ చప్పుడు అచ్చం మా పాత మోటారుకు తోడబుట్టిన తమ్ముడు! కళ్లు మూతలు పడుతుంటే, పిల్ల పక్కన ఉంది గనక, బలవంతాన తెరిచాను. నా అవస్థ అది చూడనే చూసింది.

“పడుకో తాతా. మోటారు నేను చూస్తా.”

“ఆగితే?”

“ఆగితే నేనున్నాగా.”

లేచేసరికి రెండున్నర. వరండాలో చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. నేను కన్ను మూసిన పావుగంటకే కరెంటు వచ్చిందనీ, జనరేటరు అప్పుడే ఆపేశామనీ జవాను చెప్పాడు. నలభై ఏళ్లలో మోటారు ఆగితే నేను లేవకపోవడం ఇదే మొదలు. పిల్ల నా చిటికెనవేలు పట్టుకుని కూర్చుని ఉంది. ఎదురుగా మా అమ్మాయి నిలబడి ఉంది.

“ఆగితే లేపాలి కదే?” అన్నాను.

“ఆగింది తాతా. నేను చూశానుగా. ఇంక నువ్వెందుకు లేవడం?”

ఒక్క కునుకుకే జబ్బు నయమైందని నమ్మే అమాయకుణ్ణి కాను. అందుచేత ఈ బెంచీని మాత్రం జరిపించవద్దని మనవి. పాత మోటారు సంగతి తమ చిత్తం. అంశం 1ని చదవనట్లే భావించగలరు.

మా అమ్మాయి కళ్లు తుడుచుకుని, సోమవారం నుంచి ఆటోలో నన్ను కూడా బడికి వెళ్లమంది. ఆ ఉత్తర్వు నాకివ్వలేదు. పిల్లకిచ్చింది: “తాతని జాగ్రత్తగా ఇంటికి తీసుకురా.”

ఈ ఏర్పాటుపై నాకు ఎట్టి అభ్యంతరమూ లేదు.