రెండు నెలలన్నాను

2018 జూన్ 11

పార్వతి కళ్ళు పచ్చబడ్డాయి. ముందు చూసింది నేను కాదు. ఫూల్‌బాసన్. నెలనెలా బీపీ మాత్రలకి వచ్చే ముసలమ్మ. పార్వతి నాకు భోజనం క్యారియరు ఇచ్చి వెళ్తుంటే క్లినిక్ గుమ్మంలో ఎదురుపడిందట. లోపలికొచ్చి తన సంగతి మానేసి ఇదే చెప్పింది. "బాయీ కే ఆంఖీ పింవరా దిఖథే, డాక్టర్ సాబ్." ఛత్తీస్‌గఢీలో బాయి అంటే అమ్మగారు, పింవరా అంటే పసుపు.

వెనక్కి పిలిచాను. కిటికీ దగ్గర నిలబెట్టి కనురెప్ప కిందికి లాగాను. నిజమే. ఎన్నాళ్ళుగానో మరి... రోజూ ఎదురెదురుగా కూర్చునే తింటున్నాం.

"ఏటండీ, అలాగ చూస్తన్నారు?"

ఏం లేదన్నాను. నేను ఏం లేదంటే ఏమిటో ముప్ఫై ఏళ్ళుగా తనకి తెలుసు. క్యారియరు అక్కడే పెట్టి బెంచీ మీద కూర్చుంది.

జూన్ 12

స్కాన్. పిత్తాశయంలో గడ్డ. కాలేయంలోకీ పాకింది. రేడియాలజిస్టు నోరు విప్పేలోపు తెర మీద నేనే చూశాను. పాపం, అతను ఏదో మెత్తగా చెప్పబోయాడు. అక్కర్లేదన్నాను.

జూన్ 14

పెద్దాసుపత్రి. సర్జన్ చిన్నవాడు, మర్యాదస్తుడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తను నిలబడ్డాడు. ఎప్పట్నుంచి నొప్పి, సర్? ఏ డాక్టరైనా అడిగే మొదటి ప్రశ్న. రోజుకి నలభైసార్లు నేనూ అడుగుతాను.

"దో మహీనే" అన్నాను.

అబద్ధం. పోయిన దీపావళి నుంచి. ఎనిమిది నెలలు.

పార్వతి నా వైపు చూసింది. తర్వాత అతని వైపు తిరిగి "హాఁ, దో మహీనే" అంది. అతను రాసుకున్నాడు. మా అమ్మాయి సుధ వాళ్ళమ్మ భుజం మీద చెయ్యేసి వింటోంది. చేతిలో ఇంకా బళ్ళో దిద్దాల్సిన పుస్తకాలు... శంకర్ నగర్ బడి నుంచి క్లాసు మధ్యలోనే పరుగెత్తుకొచ్చింది.

జూన్ 15

ఇక్కడైనా ఉన్నదున్నట్టు రాయాలి.

దీపావళి మర్నాడు. పప్పు వడ్డిస్తూ, తిన్నాక ఇక్కడ పట్టేసినట్టుంటంది అంది, కుడిపక్క చూపిస్తూ. నేను పేపర్లోంచి తలెత్తలేదు. గ్యాసు, డ్రాయర్లో మాత్రలున్నాయి, వేసుకో అన్నాను. మందుల కంపెనీ వాళ్ళు ఇచ్చిపోయే శాంపిల్ మాత్రలు. మా ఇంట్లో వైద్యమంతా అంతే... సుధ జ్వరాలూ, తన మోకాళ్ళూ, నా షుగరూ, అన్నీ ఆ డ్రాయరే చూసుకుంటుంది. సంక్రాంతి అయ్యాక మళ్ళీ చెప్పింది. వేరే రంగు మాత్రలిచ్చాను.

క్లినిక్‌లో కడుపు నొప్పన్న ఏ కూలివాడికైనా బల్ల మీద పడుకోబెట్టి, చేత్తో నొక్కి చూడనిదే మందు రాయను. ఈ భన్‌పురిలో నాకున్న పేరల్లా అదే — ఆంధ్రా డాక్టరు చెయ్యి పెట్టి చూస్తాడు. పార్వతి పొట్ట మీద ఒక్కసారి కూడా ఆ చెయ్యి పెట్టలేదు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. అది చెట్టుని నమ్మనివాళ్ళ కోసం పుట్టిన మాట. పార్వతి నమ్మింది.

జూన్ 20

పిత్తనాళంలో గొట్టం వేశారు. పసుపు దిగుతుంది, దురద తగ్గుతుంది. ఆపరేషన్ ఇక కుదరదట. కీమో.

జూన్ 25

క్లినిక్ తెరిచాను. పార్వతే పంపింది. "నన్ను చూస్తా కూర్చుంటే ఏటవుద్ది? ఎల్లండి. ఆళ్ళు ఎండలో నిలబడుంటారు."

నిలబడే ఉన్నారు. ఒక్కరూ తమ నొప్పి ముందు చెప్పలేదు. బాయి ఎలా ఉంది అనే అడిగారు. బల్ల మీద చాలా సొరకాయలు, ముడిబియ్యం మూట. వద్దంటే వినరు.

మధ్యాహ్నం బిసాహూ, నా కాంపౌండరు, సూదులు సర్దుతూ మామూలుగానే అన్నాడు — భాభీజీ ఫిబ్రవరిలో ఓ రోజు లైన్లో కూర్చున్నారు కదా సాబ్, అప్పటి నుంచేనా?

నాకు గుర్తే లేదు. తర్వాత గుర్తొచ్చింది. అందరిలాగే నంబరు చీటీ తీసుకుని, బెంచీ మీద ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. వంతొచ్చాక లోపలికొచ్చింది. నాకు నవ్వొచ్చింది. "నువ్వేమిటి ఇక్కడ? ఇంటికెళ్ళు, సాయంత్రం చూస్తాలే." వెనకే రోలింగ్ మిల్లులో చెయ్యి కాల్చుకున్నవాడు అరుస్తున్నాడు. సరేనంది. వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అన్నం తిని పడుకున్నాను.

ఇవాళ ఇంటికెళ్ళి అడిగాను, మళ్ళీ ఎందుకు చెప్పలేదని. "మీరు అలిసిపోయొచ్చేరు" అంది. నా చెంప మీద ఒక్కటిచ్చుకున్నా బాగుండేది.

జూలై 2

సుధ టెక్కలి పిన్నికి ఫోన్ చేస్తోంది. "నాన్న డాక్టర్ కాబట్టి తురంత్ పట్టేశాడు పిన్నీ. రెండు నెలల్లో. వేరేవాళ్ళయితే ఎంత లేట్ అయ్యేదో, సోచో."

తురంత్ అంటే వెంటనే. పక్క గదిలో తువ్వాలు పట్టుకుని నిలబడిపోయాను. స్నానానికి వెళ్ళాలని మర్చిపోయాను.

జూలై 3

రాయడానికేం లేదు.

జూలై 15

కీమో రెండోది. వాంతులు. జుట్టు దువ్వెనకి కుచ్చులుగా వస్తోంది. తనే తీసి చెత్తబుట్టలో వేస్తోంది, నన్ను చూడనివ్వకుండా.

టెక్కలి నుంచి వచ్చిన కొత్తలో నాకు హిందీయే సరిగా రాదు, ఛత్తీస్‌గఢీ సంగతి సరేసరి. ఆడవాళ్ళు తెర వెనక నుంచి ఏదో చెప్పేవాళ్ళు, నేను తెల్లమొహం వేసేవాణ్ణి. పార్వతి బోరింగు దగ్గర ఆరు నెలల్లో నేర్చేసుకుంది. తెర అవతల కూర్చుని, ఈవిడకి అక్కడ మంటంట, చెప్పడానికి సిగ్గుపడతంది అనేది. ఈ ఊరి నొప్పులు నాకు చెప్పింది తనే. తన నొప్పీ తనే చెప్పింది, అచ్చ తెలుగులో, రెండు సార్లు, మూడోసారి చీటీ తీసుకుని.

జూలై 29

ఇవాళ అనేశాను. సుధకి చెప్పేస్తాను, ఇది నా వల్లే అని. మోయలేకపోతున్నాను అని.

బత్తాయి రసం గ్లాసు కింద పెట్టింది.

"ముందు తెలిస్తే బతికీదాన్నేటి?"

తెలీదన్నాను. కొంచెం ఎక్కువ... అవకాశం ఉండేదేమో. అబద్ధమాడలేదు.

"మరి చెప్తే ఏటవుద్ది? నేనెలాగూ ఉండను. నా తరవాత దానికి మీరే గదా. మిమ్మల్ని కూడా దానికి లేకండా చేసీకండి."

కోపంగానే అంది. నాకు ఏడుపొచ్చింది. తను ఏడవలేదు.

"క్షమించావా?" అని అడగబోయి ఊరుకున్నాను. ఆ జవాబు చెప్పే ఓపిక కూడా తననే అడగాలా?

ఆగస్టు 18

కీమో ఆపేశాం. తనే చాలంది.

ఆగస్టు 30

సన్నగా పీలగా అయిపోయింది, ఎత్తి కూర్చోబెడితే బరువే తెలియడం లేదు. వాన తగ్గడం లేదు. సుధ పక్కన కూర్చుని చిన్నప్పటి రిక్షా కబుర్లు చెబుతుంటే నవ్వింది. నేను లోపలికొచ్చేసరికి ఇద్దరూ నన్ను చూసి ఇంకా నవ్వారు. నా గురించే ఏదో.

సెప్టెంబర్ 3

ఉదయం ఆరుంబావు. పార్వతి లేదు.

సెప్టెంబర్ 15

పన్నెండో రోజు కర్మ నిన్నయింది. ఇవాళ భన్‌పురి ఆడవాళ్ళు వచ్చారు, ముప్ఫైమందికి తక్కువ లేరు. వరండాలో, మెట్ల మీద, నేల మీద. ఫూల్‌బాసన్ పెద్దగా ఏడ్చింది. సుధ ఆవిణ్ణి పట్టుకుని ఊరడిస్తోంది — పాపా నే తో తురంత్ పకడ్ లియా థా, పర్... నాన్న వెంటనే పట్టేశాడు, అయినా, అని.

ఫూల్‌బాసన్ ఏడుపాపి నన్ను చూసింది. కళ్ళు పసుపన్నది ఆవిడే కదా. కొంగుతో మొహం తుడుచుకుంది.

అక్టోబర్ 9

రోగులని చూస్తున్నాను. అరవై మంది. ఇంటికి రావడమే కష్టంగా ఉంది.

అక్టోబర్ 21

ఆదివారం. భోజనానికి సుధ వచ్చింది. తనే వండింది. నాలుగు ముద్దలు తిని కంచం పక్కకి నెట్టింది. నాలుగు రోజులుగా తింటే ఇక్కడ ఎలాగో ఉంటోంది నాన్నా, ఎసిడిటీ అనుకుంటా, ఏదైనా గోలీ ఉందా, అంది.

నా చేతికి అన్నం అంటుకునే ఉంది. లేచి కడుక్కున్నాను. మంచం మీద పడుకోమన్నాను.

"అరే, ఇంత దానికా?"

పడుకో అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, పడుకుంది. చేతులు రుద్దుకుని వెచ్చబెట్టుకున్నాను. ఎడమ నుంచి మొదలుపెట్టాను. మెత్తగానే ఉంది. ఎక్కడా బిగువు లేదు. కుడి వైపు పక్కటెముకల కిందికి వచ్చేసరికి ఆగి, మళ్ళీ చేతులు రుద్దుకున్నాను. తనకి తెలిసే ఉంటుంది.

పైకప్పు చూస్తూ అడిగింది. "అమ్మనీ ఇలాగే చూశావు కదా నాన్నా, మొదట్లో? నీకు ఇలా చేతికే తెలిసిందా?"

"గట్టిగా ఊపిరి పీల్చు" అన్నాను.

పీల్చింది. బిగబట్టింది. నా మొహం వైపు తిరిగింది.

వదలమని చెప్పాలి...