ఏటి ఒడ్డున కొత్త గుడారం

చిరంజీవి జెరిలిన్‌కు అమ్మ ముద్దులు, దీవెనలు.

ఇక్కడ నేనూ, మీ ఆయనా, కుక్కా, గుర్రాలూ అందరం బాగున్నాం. ఆ కొండల్లో అడవి మంటలార్పుతూ నువ్వూ, మీ దళంలోని పిల్లలూ వేళకింత తింటున్నారనే అనుకుంటున్నాను. అక్కడ ఫోన్ పలకదు కాబట్టి ఈ వయసులో నాకు మళ్ళీ ఉత్తరాలు రాసే పని పడింది. నీ ఉత్తరం ఎంత పొగ వాసన వేసిందంటే, కాసేపు కిటికీ దగ్గర ఆరబెట్టి గానీ చదవలేకపోయాను.

నువ్వడిగినవన్నీ చెబుతాను. ముందు గుడారం సంగతి. పాతది ఇక లాభం లేదు. పోయినేడు జాతర ఆఖరి రోజు వానలో తడిసినదాన్ని అలాగే చుట్టి షెడ్డులో పడేశాం కదా, ఇప్పుడు విప్పితే గుడ్డంతా నల్లటి బూజు మచ్చలే. వేలితో నొక్కితే చిరిగింది. గుడారం లేకపోతే ఏటి ఒడ్డున మన చోటు ఖాళీగా ఉంటుంది. ఖాళీ చోటు చూస్తే జనం ఊరుకుంటారా? మా అమ్మమ్మ కాలం నుంచి మనం దిగుతున్న చోటు నా చేతుల్లో పోతుందేమోనని నాకు దిగులు పట్టుకుంది.

అందుకే బిల్లింగ్స్ పట్నం వెళ్ళి కొత్తది కుట్టించాను. ఆ కుట్టే ఆవిడ మొదట సన్నటి గుడ్డ చూపించి, తేలిగ్గా ఉంటుంది తీసుకోమంది. ఎండకెత్తి చూశాను. అవతల ఆవిడ ముక్కు కూడా కనిపించింది. "తల్లీ, ఇది కిటికీ తెరకి బావుంటుంది, నాకు ఇల్లు కావాలి" అన్నాను. మందపాటిది, బూజు పట్టకుండా మందు పట్టించినది తీసుకున్నాను. అంచులు మడతపెట్టి రెండు వరసలు కుట్టించాను, వాసానికి కట్టే చోట గుడ్డ మీద గుడ్డ వేయించాను. నువ్వు మరీ పెద్దది వద్దన్నావు గానీ, ఒక సైజు పెద్దదే చెప్పాను. జాతరకి మనవాళ్ళు పిలిస్తే వస్తారా, పిలవకుండానే వస్తారా, నువ్వే చెప్పు.

వాసాలు మీ ఆయనే బిగ్‌హార్న్ కొండల్లోకి వెళ్ళి కొట్టుకొచ్చాడు. బెరడంతా చెక్కి, ముడుల దగ్గర నున్నగా గీకాడు. వాసంలో ఒక్క ముడి లేచి ఉన్నా వాన నీళ్ళు అక్కడ ఆగి పడుకున్నవాళ్ళ మొహాన కారతాయి కదా. అతను లేనప్పుడు వెళ్ళి ఒక్కో వాసాన్నీ అరచేత్తో తడిమి చూశాను. వంక పెడదామనే చూశాను. దొరకలేదు.

నువ్వు లేకుండా మేమిద్దరం ఎలా నెట్టుకొస్తున్నామని అడిగావు. నువ్వుంటే మా మధ్య మాటలు మోసేదానివి. అత్తా అల్లుడూ మాట్లాడుకోకూడదు, ఒకరి మొహం ఒకరు చూడకూడదు, పేరెత్తకూడదు. మన తెగలోనూ అంతే, మీ ఆయన వాళ్ళ షయాన్ తెగలోనూ అంతే. ఆరేళ్ళుగా ఆ గౌరవం ఇద్దరం ఎక్కడా తప్పలేదు. అందుకని ఈసారి కుక్కని పెట్టుకున్నాను. శాలువా మొహం మీదికి లాక్కుని, "ఏమే కుక్కా, ఆ మేకు ఇంకాస్త లోతుగా దిగాలేమోనే" అంటాను. అతను అటు తిరిగి, "కుక్కా, కింద రాయి ఉందని చెప్పవే" అంటాడు. రోజంతా అందరూ తననే పిలుస్తుంటే అది తోక ఊపీ ఊపీ అలిసిపోయింది.

ఇంకో సంగతి. నేను ఏటికి నీళ్ళకి వెళ్ళొచ్చేసరికి మీ ఆయన మూడు వాసాలు కలిపి కట్టి నిలబెట్టేశాడు. మనం మొదట నాలుగు కలిపి కడతాం, వాళ్ళ పద్ధతి మూడు, అలవాటు కొద్దీ చేసేశాడు. మన జాతరలో, మన చోట్లో, మూడు! నేను కుక్కకి చెప్పేలోపే మార్విన్ గాడి కళ్ళ పడింది. వాడి నాన్నా మా నాన్నా ఒకే వంశం కదా, మన ఆచారం ప్రకారం నన్ను వెక్కిరించే హక్కు వాడికి పుట్టుకతో వచ్చింది, నాకు కోపం తెచ్చుకునే హక్కు లేదు.

"అక్కో! నీ అల్లుడికి నాలుగు లెక్కపెట్టడం రాదా? నాలుగో వాసం వంటకి నరికేసుకున్నారా ఏంటి?" అని పక్క గుడారాలన్నిటికీ వినపడేలా అరిచాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను. మీ ఆయన చెవులు ఎర్రబడ్డాయి, వెంటనే విప్పి నాలుగు కట్టాడు.

ఇక నీకు చెప్పాలా వద్దా అని ఇంతసేపూ దాటేస్తున్న సంగతికి వస్తాను. ఆ మధ్యాహ్నమే గాలి లేచింది. అప్పటికి గుడ్డ పైకెత్తాం, ముందువైపు రెండు అంచులూ కలిపి పుల్లలు గుచ్చడం ఇంకా అవలేదు. లోపలికి గాలి దూరి గుడ్డ ఉబ్బిపోయింది. వెనకవైపు వాసమొకటి చోటు తప్పి మీ ఆయన తల మీదికి ఒరిగింది. అతను ముందువైపు తిరిగి పుల్లలు గుచ్చుతున్నాడు, చూసుకోలేదు.

"లేలాండ్! పక్కకి దూకు!" అని కేకేశాను.

దూకాడు. నిలబడ్డ చోటే వాసం పడింది. గుడారం లేచిపోకుండా ఇద్దరం పైన వాసాల ముడి నుంచి వేలాడే తాడు పట్టుకుని, గాలి తగ్గేదాకా పక్కపక్కనే వేలాడాం. తర్వాత అతను పుల్లలన్నీ గుచ్చి, మేకులు దింపి, నా వైపు చూడకుండా ట్రక్కెక్కి వెళ్ళిపోయాడు.

ఏం చేశానో అప్పుడు గానీ తెలిసిరాలేదు తల్లీ. అందరి ముందూ అల్లుడి పేరెత్తాను. వాళ్ళ ఊరు వెళ్ళిపోయాడనే అనుకున్నాను. నీ మొగుణ్ణి నా నోటితో నేనే తరిమేశాను, నీకు మొహం ఎలా చూపించను అని ఆ కొత్త గుడారంలో కూర్చుని ఏడ్చాను. మార్విన్ వచ్చి నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఇవాళ నవ్వనులే అక్కా, రేపు నవ్వుతా" అని రొట్టె పెట్టి వెళ్ళిపోయాడు. వాడలా అనేసరికి ఇంకా భయమేసింది.

పొద్దున్నే గుర్రం సకిలింపు వినిపించి బయటికొచ్చాను. మీ ఆయన నిలబడి ఉన్నాడు. పక్కన మీ పెదనాన్న క్లిఫర్డ్, చేతిలో కళ్ళెం. ఎవరెంత ఇస్తామన్నా లేలాండ్ ఇవ్వని ఆ గోధుమరంగు ఆడగుర్రమే, పిల్లగా ఉన్నప్పుడు తల్లి చనిపోతే సీసాతో పాలు పట్టి పెంచాడని చెప్పావే, అదే.

"అమ్మా, ఈ గుర్రాన్ని అల్లుడు నీకిస్తున్నాడు. తీసుకుంటే ఈ రోజునుంచి మీ ఇద్దరికీ మాటలుంటాయి" అన్నాడు క్లిఫర్డ్.

నేను కళ్ళెం అందుకున్నాను. శాలువా తీసి భుజాన వేసుకుని, ఆరేళ్ళ తర్వాత మొదటిసారి నా అల్లుడి మొహం తిన్నగా చూశాను. కుడి కనుబొమ్మ మీద గాటు మచ్చ ఉందని నువ్వెప్పుడూ చెప్పనేలేదు.

ఇప్పుడు రోజూ మాట్లాడుకుంటున్నాం. జాతర ఊరేగింపుకి నా గుర్రాన్ని నన్నే అరువడిగి వెళ్ళాడు. మొన్న కొత్త గుడ్డ మొదటి పెద్ద వాన చూసింది. తాళ్ళు తడిసి బిగుసుకోకముందే వదులు చేశాడు, ముట్టుకుంటే కారుతుందని తడిసిన గుడ్డని లోపలినుంచి ఎవరూ ముట్టుకోకుండా కాపలా కాశాడు. జాతర అయ్యాక రెండు రోజులు ఎండనిచ్చి గానీ చుట్టనివ్వలేదు. ఇక బూజు భయం లేదు.

చుట్టిన రోజు నిన్ను తలుచుకుని చిట్టి చెర్రీల పాయసం చేసి, ముందు అతనికి ఒక గిన్నె పెట్టాను. గిన్నె మెల్లగా నా వైపు జరిపాడు. "అత్తా, ఇక మాటలున్నాయి కాబట్టి చెప్పేస్తున్నా. నాకిది పడదు. చిన్నప్పటినుంచీ నోట పెట్టింది లేదు" అన్నాడు.

ఆరేళ్ళుగా అల్లుడికిష్టమని నువ్వు చెబితే గిన్నెలు గిన్నెలు పంపాను. అమ్మా, ఆయన ఇంకా అడిగారే అని ఖాళీ గిన్నెలు తెచ్చేదానివి. అదంతా ఎవరు తిన్నారో వచ్చి నా ఎదుటా, నీ మొగుడి ఎదుటా నువ్వే చెబుదువుగాని. జాగ్రత్తగా రా తల్లీ.

ఇట్లు,
ఇప్పుడు అల్లుడితో కూడా మాటలున్న
మీ అమ్మ