మైక్ ఎవరూ లాక్కోలేదు

స్నేహలతా,

నువ్వు లేని రెండో క్రిస్మస్ ఇది. నీకు నత్తి అని, చిన్నప్పుడు బైబిల్ వాక్యం సగంలో ఉండగానే నీ చేతిలోంచి మైక్ లాక్కున్న సుగుణ ఆంటీ ఇవాళ కూడా మన చిక్కడపల్లి చర్చిలో ముందు వరసలోనే కూర్చుంది.

అందుకే నా సండే స్కూల్లో నత్తి ఉన్న పింకీకి కావాలనే అన్నిటికన్నా పొడుగు వాక్యం నేర్పాను. ఇవాళ మైక్ ముందు పింకీ మధ్యలో ఆగింది.

"టైమ్ అయితుంది, మైక్ ఇంకో పిల్లకు ఇయ్యరాదే," అంది ఆంటీ లేచి.

"కూసోండ్రి ఆంటీ. దేవుడు వింటుండు, మీరు గూడ వినుండ్రి," అన్నాను.

పింకీ ఆఖరి మాట దాకా చెప్పింది. నీ జ్ఞాపకంగా నీ పేరున పెట్టిన బహుమతి ఆంటీ చేతులతోనే ఇప్పించాను. మైక్‌లో నీ పేరు చదవమన్నాను. 'స్నేహ' దగ్గరే ఆమె మాట ఆగిపోయింది. పిల్లలంతా నా వైపు చూశారు. నేను మాట అందించలేదు, మైక్ తీసుకోలేదు. నీ పేరు పూర్తిగా పలికేదాకా ఆమెను అక్కడే నిలబెట్టాను.

అక్క