కుడివైపు గీతలు చూపించవద్దు

అంచెట్టి, సోమవారం

హోసూరు డెయిరీ ఆఫీసులో మిషన్లు చూసే ఈశ్వరప్రసాద్ సారుకు, పాల సెంటర్ అంగాళమ్మ నమస్కారాలు. ఈడ ఫోను నిలవదు, అందుకే పాల లారీలో ఉత్తరం పంపుతున్నాను.

క్యాన్ మీది గీతల స్టిక్కర్ చదివే స్కానర్‌కు ఏమో అయింది. పొద్దున ఏడు కొట్టగానే సొమ్మసిల్లిపోతుంది. అది చదవకుంటే కంప్యూటర్ పాలు ఒప్పుకోదు. బస్సు పది నిమిషాలు ఆలస్యమని, దాంట్లో పాలు పంపే రైతు తిమ్మరాయప్ప క్యాన్ మూడు రోజులుగా తిరిగి పోతోంది. విరిగిన పాలు కుక్క కూడా ముట్టలేదంట. నాకు కూడు దిగడం లేదు.

మీ అంగాళమ్మ

మరిచినాను: దాని కంటికి విభూతి పెట్టినాను. తగ్గలేదు.

హోసూరు, మంగళవారం

అంగాళమ్మ గారికి,

స్కానర్‌కు జబ్బేమీ లేదు. ఏడింటికి కంప్యూటర్ ‘ఇక చాలు’ అని ఆజ్ఞ పంపుతుంది, స్కానర్ వింటుంది. అలాగే వినాలి. ఎప్పుడైనా వినకపోతే పనికొస్తుందని స్కానర్ కంపెనీ కాగితం పంపుతున్నాను, అందులో రెండు గీతల గుర్తులున్నాయి. ఎడమది చూపిస్తే స్కానర్ కంప్యూటర్ మాట వింటుంది. కుడిది చూపిస్తే వినదు. కుడిది ఎట్టి పరిస్థితుల్లోనూ చూపించవద్దు.

ఈశ్వరప్రసాద్

గమనిక: విభూతి తుడవండి.

అంచెట్టి, బుధవారం

ఈశ్వరప్రసాదప్పా,

కాగితం చూసినప్పటి నుంచి భయం. కుడి అంటే నా కుడివైపా, ఎదురుగా ఉండే స్కానర్ కుడివైపా? పెళ్లిలో ఎదుటి వాళ్లకు అరిటాకు వేసేటప్పుడే నాకు కొస ఎటో తెలియదు. కాగితం దీంతోనే పంపుతున్నా, చూపించకూడనిదానికి గుర్తు పెట్టి తిప్పి పంపండి, పొరపాటున కూడా అటు పోను.

లారీ వచ్చేది ఎనిమిదికి. ఏడుకే చాలనేది ఎవరు? మీ కంప్యూటర్ మా బస్సు ఎప్పుడైనా ఎక్కిందా?

అంగాళమ్మ

పొరపాటున చూపిస్తే మిషన్ పాడవుతుందా? ఊరికే అడుగుతున్నా.

హోసూరు, గురువారం

అంగాళమ్మ గారికి,

చూపించకూడనిదాని కింద ఎర్ర ఇంకుతో ఇంటూ పెట్టాను. మిషన్ పాడవదు. భయపడకండి.

ఈశ్వరప్రసాద్

హోసూరు, సోమవారం

అంగాళమ్మ గారికి,

లారీతో వచ్చిన లిస్టులో ఏడు దాటాక ఆరు క్యాన్లున్నాయి. శుక్రవారం కొత్త స్కానర్‌తో వస్తాను. తప్పు మీదైతే సెంటర్ వేరేవాళ్లకు ఇవ్వాల్సి వస్తుంది.

ఈశ్వరప్రసాద్

అంచెట్టి, మంగళవారం

అప్పా,

మిషన్ మీద నింద వేయొద్దు. ఇంటూ ఉన్నదే చూపించినాను, తెలిసే చూపించినాను. భయం నాకు పుట్టుకతో వచ్చింది. భయపడుతూనే చూపించినాను. సెంటర్ పీక్కుంటే పీక్కోండి. నేనున్నన్నాళ్లు బస్సు చేసిన తప్పుకు పాలు పారబోయను.

శుక్రవారం వద్దు, మర్నాడు రండి. హోసూరు మొదటి బస్సే ఎక్కండి, తిమ్మరాయప్ప క్యాన్ దారిలో అదే ఎక్కించుకుంటుంది. ఏడులోగా దిగితే తాళాలు మీ చేతిలో పెడతాను.

అంగాళమ్మ

స్వెటర్ వేసుకోండి. కొండగాలికి పడిశం పడుతుంది.

హోసూరు, ఆదివారం

అంగాళమ్మవ్వకు,

నిన్న ఏడూ నలభైకి దిగితే మీరు తాళాలు కాదు, కాఫీ ఇచ్చారు. దారంతా తిమ్మరాయప్ప క్యాన్ నా ఒళ్లోనే. ప్యాంటు ఇంకా పాల వాసనే. మీ కంప్యూటర్‌లో గడువు ఎనిమిదికి మార్చి వచ్చాను. సెంటర్ మీదే. ఇక ఎడమది చూపించి, కాగితం తిప్పి పంపండి.

ఈశ్వరప్రసాద్

ఆ మేకలు రోజూ బస్సెక్కుతాయా?

అంచెట్టి, సోమవారం

అప్పా ఈశ్వరప్రసాదూ,

ఎడమది చూపించినాను. స్కానర్ కంప్యూటర్ మాట వింటోంది, కంప్యూటర్ నా మాట వింటోంది. కాగితం మాత్రం పంపను. భయస్తురాలిని, దగ్గరుంటే ధైర్యం.

మీ అంగాళమ్మవ్వ

మేకలు రోజూ ఎక్కవు. శనివారం సంత. మామూలు రోజు బస్సు ఏడూ పదికి వచ్చేస్తుంది. పది నిమిషాలైతే మీకు ఒంట పట్టదేమోనని భయపడి, సంత రోజుకు రమ్మన్నాను.