నెమలి కంటి కింది గడి

ఆదివారం రాత్రి, ఆల్థాన్

మా నాన్న, మా బాపు, బతికుండగా గ్రాఫు కాగితాల మీద గీసిన చీర అంచుల్ని స్కాన్ చేసి, బొమ్మలు భద్రపరిచే ఒక సైటులో పెట్టాను; అన్నిటికీ శాశ్వత డిజిటల్ నంబర్లు వచ్చేశాయి. సైటు మారినా, లింకు చెడినా ఆ నంబరుతో వెతికితే బొమ్మ, దాని కింద బాపు పేరు కనిపిస్తాయి. ఇక ఎవరూ తమదని చెప్పుకోలేరు. ఆ సంబరం చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరున్నారు? పక్క పేట బమ్రోలి వెళ్లి, బాపుతో కలిసి మగ్గాల కార్ఖానాలో పనిచేసిన రాజయ్య కాకకు చూపించాను.

కాక ఫోన్‌లో నెమలి అంచును పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

"బిడ్డా, కంటి కింద నిండు గడి ఏది?"

"తప్పు పడ్డదనుకున్న కాకా. స్కాన్ చేసినంక నేనే తుడిచేసిన."

"తప్పు కాదే పిచ్చిదానా! గీసిన ప్రతి నక్షాల ఒక్క గడి ఎక్కువ నింపేటోడు. ఎవడన్న నకలు కొడితే గా గడి గూడ దిగేది, దాన్ని జూసి పట్టేటోడు. గదే మీ బాపు దస్కత్."

ఒక్కదానిలో కాదు, కనిపించిన ప్రతిచోటా చెరిపాను. ఎంత శ్రద్ధగా చెరిపానో!

ఇంటికొచ్చి సైటు చూశాను. సరిచేసిన బొమ్మలు పెడితే వాటికి కొత్త నంబర్లిస్తారట. గడి చెరిపిన పాతవి మాత్రం ఎప్పటికీ అలాగే ఉంటాయి. నిలిచిపోవాలనే కదా తీసుకున్నాను.

ఇప్పుడు అసలు కాగితాలు ముందేసుకుని ఆ గడుల కోసం వెతుకుతున్నాను. అన్నిటిలో దొరికాయి, ఒక్క మామిడి పిందెల అంచులో తప్ప. అందులో బాపు పెట్టనే లేదా, నాకే కనిపించడం లేదా... అడగాలంటే బాపునే అడగాలి.