పులి నోట్లో నా పళ్ళు

చెల్లికి అక్క రాయునది.

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మరిదిగారి దగ్గు తగ్గిందా? కోడలుపిల్ల వేళకి తింటోందా? నా సంగతి అడక్కు. జావ తాగి బతుకుతున్నాను. నోట్లో పళ్ళు లేవు.

నా మనవరాలు బుడ్డిది వెళ్ళే చిన్నపిల్లల బడిలో మొన్న పంచుకునే పండుగ చేశారు. ఇంట్లో అన్నిటికంటే ప్రియమైన వస్తువు తెమ్మన్నారట. నా కట్టుడు పళ్ళు చూపించి "ఇవి లేకపోతే నా బతుకే లేదే" అని రోజూ దానితో అంటాను కదా, అది గిన్నెతో సహా పట్టుకుపోయింది. అక్కడ అట్టపెట్టెతో పులిని చేస్తున్నారు. టీచరమ్మ ఇటు తిరిగి అటు తిరిగేలోపు నా పళ్ళు పులి నోట్లో జిగురుతో అంటుకున్నాయి.

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళి అడిగాను. టీచరమ్మ సిగ్గుతో చచ్చింది. బుడ్డిది మాత్రం "ఇచ్చింది తిరిగి అడక్కూడదు అమ్మమ్మా, తప్పు" అంది. పిల్లమూకంతా "తప్పు, తప్పు" అని వంత పాడారు. తల్లిదండ్రులు వచ్చి పులిని చూసి వెళ్ళాక, మంగళవారం ఊడదీసి ఇస్తానంది టీచరమ్మ. జిగురు వదలదేమోనని నాకు ఒకటే బెంగ. అల్లుడేమో "మీకంటే పులికే నప్పాయత్తయ్యా" అంటాడు.

అంతకంటే పెద్ద బెంగ ఇంకోటుంది. గురువారం నిజం చెప్పే పండుగట. మరిదిగారి పిసినారితనం గురించి నేనన్న మాటలన్నీ బుడ్డిదానికి కంఠతా వచ్చు.

పళ్ళు మంగళవారం వస్తాయి, నిజాలు గురువారం మొదలవుతాయి. నన్ను చూడ్డానికి వస్తామన్నారుగా, మీరిద్దరూ బుధవారం వచ్చి, బుధవారమే వెళ్ళిపోండి.